బోరుకొచ్చిందా? ముందు కొలిచి చూడండి బాస్!

సెకండ్ హ్యాండ్‌లో ఆర్‌ఎక్స్ 100 కొన్న ప్రతి కుర్రాడూ ఏదో ఒక రోజు వినే మాట ఒకటుంది. "తమ్ముడూ, ఇంజన్ బోరుకొచ్చింది." ఆ మాట చెప్పడానికి రెండు కిక్కులు, సైలెన్సర్ వైపు ఒక చూపు చాలు. మనకేమో గుండె జారిపోతుంది. వెంటనే రెండో మాట వస్తుంది. "బోర్ చేయించి కొత్త పిస్టన్ వేసేద్దాం, కొత్త బండి అయిపోతాది."

ఆగండి. ఆ రెండు మాటల మధ్య ఒక రోజు పని ఉండాలి. ఇంజన్ దింపడం, విప్పడం, ఒక్కో పార్టునీ కడిగి కొలిచి "ఇది ఉంటుంది, ఇది పోతుంది" అని రాసుకోవడం. ఈ వారం కాలమ్ అంతా దాని గురించే. ఈ పని ఎగ్గొడితే డబ్బు పోతుంది. డబ్బంటే మళ్లీ సంపాదించుకోవచ్చు. సిలిండర్‌లోంచి చెక్కేసిన ఇనుము మాత్రం తిరిగి రాదు.

పోస్టర్‌లో కారు, వాకిట్లో ఆర్‌ఎక్స్

స్పోర్ట్స్ కార్ ఇంజన్‌ని విప్పి, కొలిచి, మళ్లీ కట్టే వీడియోలు మనం రాత్రి ఒంటిగంట దాకా చూస్తాం. ఆ కార్లు మన వాకిలి దాకా రావు. మన ఊళ్లలో ఆ సరదా తీర్చింది యమహా ఆర్‌ఎక్స్ 100. 1985 చివర్లో వచ్చింది, 1996లో తయారీ ఆగింది. బోరు 50 మి.మీ., స్ట్రోక్ 50 మి.మీ., మొత్తం 98 సీసీ, 11 హార్స్ పవర్. బండి బరువేమో వంద కిలోల దరిదాపులే. అందుకే ఆ పికప్. పొగ రూల్స్ కఠినమయ్యాక టూ స్ట్రోక్‌కి రోజులు చెల్లాయి గానీ క్రేజ్ చెల్లలేదు. 2018లో ఏకంగా సినిమాకే ఆ పేరు పెట్టారు.

లెక్కేసుకోండి, అన్నిటికంటే చివర తయారైన ఆర్‌ఎక్స్‌కి కూడా ఇప్పుడు 30 ఏళ్ల దగ్గర వయసు. మీలో చాలామంది కంటే పెద్దది. ఎన్ని చేతులు మారిందో, ఎవరెవరు ఎన్నిసార్లు విప్పారో అమ్మినవాళ్లు చెప్పరు. ఇంజన్ లోపల మాత్రం అన్నీ రాసే ఉంటాయి. చదవడం రావాలి, అంతే.

బోర్ అంటే ఖర్చు కాదు, ఆయుష్షు

సిలిండర్ బయట రెక్కలు రెక్కలుగా కనిపించేది అల్యూమినియం. లోపల పిస్టన్ తిరిగే గొట్టం ఇనుప లైనర్. అది అరిగినా, గీతలు పడినా లేత్ షాపులో కొంచెం చెక్కి సమం చేస్తారు. అదే బోరింగ్. రంధ్రం పెద్దదవుతుంది కాబట్టి పెద్ద పిస్టన్ వేయాలి. ఈ ఓవర్‌సైజ్ పిస్టన్లు మామూలుగా పావు మి.మీ. మెట్లలో వస్తాయి. 0.25, 0.50, 0.75, 1.00. అంటే కంపెనీ నుంచి వచ్చిన సిలిండర్‌కి నాలుగు ఆయుష్షులు.

నాలుగో మెట్టు దగ్గర బోరు 51 మి.మీ., ఇంజన్ 102 సీసీ అవుతుంది. ఆ తర్వాత? కొత్త లైనర్ దిగగొట్టించాలి, లేదా వేరే సిలిండర్ వెతుక్కోవాలి. లైనర్ పని చక్కగా చేసే లేత్ షాపు దొరకడం అదృష్టం. ఒరిజినల్ సిలిండర్ దొరకడం ఇంకా పెద్ద అదృష్టం. కాబట్టి అవసరం లేని బోర్ చేయించడమంటే ఒక ఆయుష్షుని ఊరికే ఖర్చుపెట్టడమే. "ఎందుకొచ్చిన గొడవ, ఒకేసారి వన్ ఎంఎం వేసేద్దాం" అనేవాళ్లూ ఉంటారు. వాళ్లు మీ బండి ఆయుష్షులన్నీ ఒక్క మధ్యాహ్నంలో తినేస్తారు.

తిరుచానూరు షెడ్డులో మూడో పిస్టన్

మొన్న తిరుచానూరులో ఒక చిన్న షెడ్డుకి ఇలాంటి బండే వచ్చింది. ఇంజనీరింగ్ చదువుతున్న కుర్రాడిది. అంటే వాళ్ల నాన్నది. నాన్న పెళ్లికి ముందు కొన్న బండి, ఆయన ఇప్పుడు లేరు. ఇంట్లో అమ్మకి ఆ సౌండ్ అంటే ప్రాణం.

రెండేళ్లలో ఈ ఇంజన్‌కి వేర్వేరు చోట్ల రెండుసార్లు బోర్ అయింది. ఒకసారి 0.50, తర్వాత 0.75. రెండుసార్లూ కొన్ని నెలలు బాగానే తిరిగి మళ్లీ పట్టేసింది. మూడోసారి మదనపల్లె నుంచి వస్తూ భాకరాపేట ఘాట్ దిగుతుంటే వెనక చక్రం లాక్ అయింది. క్లచ్ పట్టుకోబట్టి పిల్లాడు కింద పడలేదు. చల్లారాక కిక్కర్ కదిలింది. కానీ ఆ బండి మీద ఇక నమ్మకం పోయింది.

షెడ్డు అన్న ముందు పానా పట్టుకోలేదు. అడిగిన మొదటి ప్రశ్న ఇదీ: "నైనా, రెండుసార్లు బోర్ చేసినోళ్లు, ముందు పిస్టన్ ఎందుకు పట్టేసిందో చెప్పినారా?"

"లేదన్నా. పాతబడిపోయిందన్నారు."

"మన చేతిలో ఇంక ఒక్క బోరే ఉండాది. అది వాడే ముందు రోగం యాడుందో చూద్దాం."

ఈ వారం నేను చెప్పాలనుకున్నదంతా ఆ ఒక్క మాటలో ఉంది. పిస్టన్ పోవడం లక్షణం. రోగం వేరే ఉంటుంది. రోగం అలాగే ఉంచి కొత్త పిస్టన్ వేస్తే అదీ పోతుంది.

విప్పకముందే సగం కేసు తేలుతుంది

టూ స్ట్రోక్ ఇంజన్‌లో పెట్రోల్, గాలి కలిసిన మిశ్రమం ముందు కింద క్రాంక్ కేస్‌లోకి వెళ్లి, అక్కడి నుంచి పైకి వస్తుంది. 2టీ ఆయిల్ కూడా దాంతోనే ప్రయాణం చేస్తుంది. అందుకే క్రాంక్ కేస్‌లోకి ఎక్కడా దొంగ గాలి రాకూడదు. వచ్చిందంటే మిశ్రమంలో పెట్రోల్, ఆయిల్ తగ్గి గాలి ఎక్కువవుతుంది. వేడి పెరుగుతుంది, పిస్టన్ ఉబ్బుతుంది, సిలిండర్‌ని పట్టేస్తుంది.

దీనికొక సులువైన పరీక్ష ఉంది. కార్బురేటర్ వైపు, సైలెన్సర్ వైపు రంధ్రాలు రబ్బరుతో గట్టిగా మూసేయాలి. చిన్న చేతి పంపుతో లోపలికి 6 పీఎస్ఐ గాలి ఎక్కించాలి, అంతకు మించొద్దు. గేజ్ ముల్లు కొన్ని నిమిషాల పాటు నిలబడితే ఇంజన్ బిగుతుగా ఉన్నట్టు. పడిపోతుంటే సబ్బు నీళ్లు పూసి బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూడాలి.

ఆ బండికి ముల్లు నిలబడలేదు. ఎడమ వైపు కవర్ తీసి, మాగ్నెట్ ఊడదీసి చూస్తే దాని వెనక క్రాంక్ ఆయిల్ సీల్ చుట్టూ నురగ. రబ్బరు గట్టిపడి ప్లాస్టిక్‌లా అయిపోయింది. రెండు బోర్లు మింగిన దొంగ దొరికాడు. ఆ సీల్ ధర ఎంతనుకున్నారు? ఒక బిర్యానీ ఖర్చుకి అటూఇటూ.

గుర్తుపెట్టుకోండి. మాగ్నెట్ వైపు సీల్ పోతే దొంగ గాలి వస్తుంది. స్లో రేసింగ్ దానంతటదే పెరగడం, యాక్సిలరేటర్ వదిలినా ఆర్పీఎం దిగకపోవడం దాని గుర్తులు. క్లచ్ వైపు సీల్ పోతే గేర్ ఆయిల్ ఇంజన్‌లోకి లాక్కుంటుంది. అప్పుడు తెల్లటి పొగ ఆగదు, గేర్ ఆయిల్ లెవెల్ తగ్గుతూ ఉంటుంది. చాలాచోట్ల ఈ పొగ చూసే "బోరుకొచ్చింది" అనేస్తారు.

విప్పేటప్పుడు ఫోనే మీ పుస్తకం

ఒక్కో నట్టు తీసే ముందు ఫోటో. వైర్లు ఎటు పోతున్నాయి, వాషర్ ముందుందా వెనకుందా, అన్నీ ఫోటో. కోడిగుడ్ల అట్ట తెచ్చుకుని ఒక్కో గుంటలో ఒక్కో కవర్ స్క్రూలు వేసి పెన్నుతో పేరు రాయండి. పొడుగు స్క్రూ పొట్టి రంధ్రంలో దిగితే కేస్ పగులుతుంది.

బిగుసుకున్న స్క్రూలకి ఇంపాక్ట్ డ్రైవర్ వాడాలి. మాగ్నెట్‌కి పుల్లర్ వాడాలి. సుత్తి, స్క్రూ డ్రైవర్‌తో కేస్ జాయింట్‌లో పొడిచి విడదీసే చోట మాత్రం బండి ఇవ్వకండి. ఆ అంచు మీద పడ్డ ఒక్క గాటు చాలు, రేపు మళ్లీ దొంగ గాలి రావడానికి.

పిస్టన్ చెప్పే సాక్ష్యం

పిస్టన్ బయటికి రాగానే తుడిచేయకండి. ముందు చదవండి. పిస్టన్ నెత్తి మీద సైజు కొట్టి ఉంటుంది. అదే మీ ఇంజన్ ఎన్నో ఆయుష్షులో ఉందో చెప్పేది.

నెత్తి కాఫీ పొడి రంగులో ఉంటే మిశ్రమం బాగున్నట్టు. తెల్లగా, బూడిదగా ఉంటే గాలి ఎక్కువ, వేడి ఎక్కువ. నల్లగా జిడ్డుగా ఉంటే పెట్రోలో, ఆయిలో ఎక్కువ. అంచుల్లో ఇసుక కొట్టినట్టు సన్న గుంటలుంటే ఇంజన్ లోపల నాకింగ్ కొట్టింది. కార్బురేటర్ వైపు పక్క మసకగా అరిగిపోయి ఉంటే దుమ్ము వెళ్లింది. సౌండ్ కోసం ఎయిర్ ఫిల్టర్ తీసేసిన బండ్లలో ఇది మామూలే. నాలుగు మూలలా నిలువు గీతలుంటే పిస్టన్ మరీ టైట్‌గా కూర్చుంది, లేదా చల్లటి ఇంజన్‌ని ఒక్కసారిగా లాగేశారు.

మన కుర్రాడి పిస్టన్ నెత్తి తెల్లగా ఉంది. సైలెన్సర్ వైపు పక్కన అల్యూమినియం కరిగి పూసినట్టు మరకలు. సీల్ కథతో సరిగ్గా సరిపోయింది. ఘాట్‌లోనే ఎందుకు పట్టేసిందంటే దానికీ లెక్కుంది. దిగుడులో యాక్సిలరేటర్ మూసేసి, గేర్‌లో ఇంజన్ బ్రేక్ మీద వస్తాం. పెట్రోల్ వెళ్లకపోతే దాంతో వెళ్లాల్సిన ఆయిల్ కూడా వెళ్లదు. ఇంజన్ మాత్రం గిర్రున తిరుగుతూనే ఉంటుంది. అందుకే టూ స్ట్రోక్ మీద ఘాట్ దిగేటప్పుడు మధ్యమధ్యలో క్లచ్ పట్టి కాస్త యాక్సిలరేటర్ ఇవ్వమని పాతవాళ్లు చెబుతారు.

కంటితో కాదు, మైక్రోమీటర్‌తో

సిలిండర్ లోపల చూస్తే నిలువునా గీతలు. ఎవరు చూసినా "బోర్‌కి పంపు" అనేలా ఉంది. అన్న పంపలేదు. సన్నని ఎమరీ పేపర్ తీసుకుని ఆ మరకల మీద నెమ్మదిగా అడ్డంగా రుద్దాడు. పది నిమిషాల్లో గీతల్లో ఎక్కువ భాగం మాయం. ఎందుకంటే అవి లైనర్‌కి పడ్డ గాట్లు కావు, లైనర్‌కి అంటుకున్న పిస్టన్ అల్యూమినియం. అల్యూమినియం మెత్తన, ఇనుము గట్టి. తేలిగ్గా పట్టేసిన చాలా ఇంజన్లలో కింద లైనర్ క్షేమంగానే ఉంటుంది.

తర్వాత కొలత. సిలిండర్‌ని బోర్ గేజ్‌తో పైన, మధ్యలో, కింద, నిలువుకీ అడ్డానికీ రెండు దిక్కుల్లో కొలవాలి. మొత్తం ఆరు అంకెలు. అన్నిటికంటే పెద్దది 50.77 మి.మీ. వచ్చింది. పిస్టన్‌ని స్కర్ట్ అడుగు నుంచి కాస్త పైన, పిన్నుకి అడ్డంగా కొలవాలి. అప్పుడే తెచ్చిన 0.75 పిస్టన్ 50.71 ఉంది. తేడా 0.06. కొత్త బోరుకి వదిలే ఖాళీ సుమారు 0.04, అంటే వెంట్రుక మందంలో సగం. ఇది దానికంటే కాస్త ఎక్కువే గానీ మాన్యువల్ పెట్టిన హద్దు లోపలే ఉంది.

అంటే బోర్ అక్కర్లేదు! అదే సైజు కొత్త పిస్టన్, రింగులు, లైట్‌గా హానింగ్, చాలు. చివరి ఆయుష్షు భద్రంగా మిగిలింది. ఆ మాట విన్నప్పుడు కుర్రాడి ముఖం చూడాలి మీరు.

కొత్త రింగుని కూడా నమ్మేయకండి. సిలిండర్‌లో పెట్టి రెండు కొసల మధ్య ఫీలర్ గేజ్ దూర్చి చూడాలి. ఈ సైజు ఇంజన్‌కి 0.15 నుంచి 0.35 మి.మీ. మధ్య ఉంటే మామూలుగా సరే. ఒకవేళ మీ బండికి నిజంగానే బోర్ పడితే ఒక్కటి తప్పకుండా చెప్పండి. బోర్ అయ్యాక పోర్టు అంచులు కత్తిలా ఉంటాయి, వాటిని కాస్త గుండ్రంగా రుద్దాలి. లేకపోతే రింగు వెళ్లి అక్కడ తగులుకుని విరుగుతుంది.

కింది సగం మర్చిపోకండి

పైన కొత్తగా చేసి కింద పాతది వదిలేయడం ఇంకో అలవాటు. కనెక్టింగ్ రాడ్‌ని పట్టుకుని పైకీ కిందికీ లాగి చూడండి. టక్ టక్ మని ఏ కాస్త కదిలినా బిగ్ ఎండ్ బేరింగ్ పోయినట్టే. పక్కలకి కొంచెం కదలడం మాత్రం మామూలే, దానికి భయపడక్కర్లేదు. క్రాంక్‌ని సెంటర్ల మధ్య పెట్టి డయల్ గేజ్‌తో తిప్పితే వంకర తెలుస్తుంది. ఈ తరగతి యమహాలకి 0.03 మి.మీ. దాకా ఒప్పుకుంటారు. ఈ క్రాంక్ 0.02 చూపించింది, పాస్. మెయిన్ బేరింగులు కడిగి ఆరబెట్టి వేలితో తిప్పితే గరగర మన్నాయి, ఫెయిల్.

సెకండ్ గేర్ ఎగిరిపోతోందని కుర్రాడు ముందే చెప్పాడు. గేర్ల పక్కన ఉండే పళ్ల మూలలు చదరంగా ఉండాలి. ఇక్కడ గుండ్రంగా అరిగిపోయాయి, ఆ గేర్ల జత మార్చాలి. రీడ్ వాల్వ్ రేకులు వెలుతురుకి పట్టి చూశాం, సందు లేదు. క్లచ్ ప్లేట్ల మందం సరిపోయింది. హెడ్‌ని అద్దం పలక మీద పెడితే ఎక్కడా ఊగలేదు.

సాయంత్రానికి నోట్‌బుక్‌లో మూడు గడులు నిండాయి. ఉంచేవి: క్రాంక్, సిలిండర్, హెడ్, క్లచ్, రీడ్. మార్చేవి: సీళ్లు, మెయిన్ బేరింగులు, పిస్టన్, రింగులు, సెకండ్ గేర్ జత, గ్యాస్కెట్లు. అనుమానం: కార్బురేటర్. ఈ లిస్టు చేతిలో ఉంటే చెన్నై పుదుపేట వెళ్లినా, బెంగళూరు జేసీ రోడ్డు వెళ్లినా కావాల్సినవే కొంటారు. లిస్టు లేకపోతే షాపువాడు చూపించినవి కొంటారు.

నాలుగు సిలిండర్ల కారు ఇంజన్‌కైనా వరస ఇదే. అక్కడ సిలిండర్లని ఒకదాంతో ఒకటి పోల్చి చూసే అవకాశం ఉంటుంది, వాల్వులు, బేరింగ్ షెల్స్ కొలతలు అదనంగా చేరతాయి. ముందు కారణం, తర్వాత కొలత, చివర్లో పర్సు.

నంబర్ మారితే బండి మారినట్టే

క్రాంక్ కేస్ పగిలిందని "నా దగ్గర మంచి కేస్ ఉంది, వేసేస్తా" అంటే తొందరపడకండి. ఇంజన్ నంబర్ ఆ కేస్ మీదే ఉంటుంది. ఇంజన్ మారిస్తే ఆర్టీఏ అనుమతి తీసుకుని ఆర్‌సీలో ఎక్కించాలి. లేదంటే మీ బండి కాగితాల ప్రకారం మీది కాదు. ఆ కేస్ ఏ దొంగ బండిదో మీకు తెలీదు కూడా. కొనేటప్పుడే నంబర్లు ఎం పరివాహన్‌లో చూసుకోండి. 15 ఏళ్లు దాటిన బండికి ప్రతి 5 ఏళ్లకోసారి ఆర్‌సీ రెన్యూవల్ ఉంటుంది. అప్పుడు కూడా చూసేది ఆ నంబర్లే.

బోర్‌కి పంపే ముందు నాలుగు ప్రశ్నలు

స్క్రీన్ షాట్ తీసి పెట్టుకోండి. మెకానిక్ అన్నని మర్యాదగానే అడగండి.

ఒకటి, పిస్టన్ ఎందుకు పోయింది?

రెండు, గాలి ఎక్కించి ప్రెషర్ టెస్ట్ చేశారా, ముల్లు నిలబడిందా?

మూడు, సిలిండర్ ఆరు చోట్లా ఎంతెంత వచ్చింది?

నాలుగు, ఇప్పుడు ఏ సైజులో ఉంది, ఇంకెన్ని మెట్లు మిగిలాయి?

నాలుగింటికీ అంకెలతో, కారణాలతో జవాబొస్తే నిశ్చింతగా బోర్‌కి పంపండి. "ఇన్నేళ్ల సర్వీసు తమ్ముడూ, చూస్తేనే తెలిసిపోతాది" అంటే మాత్రం, ఒక నమస్కారం పెట్టి బండి తోసుకుంటూ ఇంటికొచ్చేయండి.